గోడెక్కిన నేల

హాలు నేల పలకలన్నీ తగలబెట్టేశానని మా ఆయన డెస్ చెప్పినప్పుడు నేను నమ్మలేదు. నమ్మలేదని మొహాన అనలేదు, అంతే.

జనవరి, మాకు నడివేసవి. ఎండ మాడ్చేస్తోంది. మా షెడ్డు వెనక బూడిద కుప్ప. దాని చుట్టూ మా ఆడపడుచు గ్లెనిస్ నడుము మీద చేతులు పెట్టుకుని తిరుగుతోంది. గ్లెనిస్ డెస్‌కి అక్క, మురిండా ఊరి హాలు కమిటీకి కార్యదర్శి, ఊళ్ళో ఉన్న తక్కిన అందరికీ అత్తగారు.

"ఒక్క పలకైనా మిగల్చలేదట్రా?"

"చెద పట్టిందక్కా. ఉంచితే షెడ్డుకి కూడా పాకేది."

"మన తాత వేసిన నేలరా అది! అమ్మా నాన్నా డాన్సు చేసిన నేల!"

"తెలుసు."

"తెలిసే తగలబెట్టావా?"

డెస్ రెండు చేతులూ జేబుల్లో దోపుకుని బూడిద వంక చూస్తూ నిలబడ్డాడు.

హాలు కింద గుంజలు పుచ్చి ఒక పక్కకి కుంగితే, నవంబరులో మగవాళ్ళంతా చేరి నేల పలకల్ని జాగ్రత్తగా ఊడదీసి మా షెడ్డులో పేర్చారు. కొత్త గుంజలు పడ్డాక ఈస్టర్ డాన్సు నాటికి డెస్ వాటిని మళ్ళీ పరవాలి. పొద్దున ఆవుల పని, ఆ తర్వాత వడ్రంగం, అదీ డెస్ బతుకు. మా కొండల్లో ఏ హాలు నేల బాగుచేయాలన్నా అతని చెయ్యి పడాల్సిందే. ఆ పలకలంటే మాకందరికీ ప్రాణం. డాన్సు ముందు రోజు కొవ్వొత్తులు గీకి ఆ పొడిని నేలంతా చల్లి, పిల్లల్ని గోనెపట్టా మీద కూర్చోబెట్టి ఈ గోడ నుంచి ఆ గోడకి లాగేవాళ్ళం. వాళ్ళ బరువుకి మైనం చెక్కలోకి ఇంకి నేల అద్దంలా తయారయ్యేది. నేనూ ఒకప్పుడు ఆ గోనె మీద కూర్చున్నదాన్నే. తర్వాత నడుం పట్టేసేదాకా లాగినదాన్నే.

గ్లెనిస్ వెళ్ళిపోయాక కర్ర తీసుకుని బూడిద కెలికాను. కంచె తీగ ముక్కలు తగిలాయి. కాలినవి పాత కంచె గుంజలు! పైగా ఆ పలకలు క్రోస్ యాష్ చెక్క, ఒంట్లోనే నూనె ఉన్న జాతి. చెదలు కూడా దాన్ని చూసి పక్కకి తప్పుకుంటాయని పెళ్ళయిన కొత్తలో నాకు చెప్పిందెవరు? ఈ మహానుభావుడే.

నాది అనుమానపు బుద్ధి, ఆ సంగతి దాచుకోను. మా అమ్మ కోడిగుడ్లని నీళ్ళలో వేసి చూసి గాని కొనేది కాదు. ఆ పోలిక నాది. కాబట్టి నోరు మూసుకుని కళ్ళు తెరుచుకుని ఉన్నాను.

కళ్ళు తెరిస్తే చాలానే కనిపించింది. పొద్దున లేస్తూనే గడ్డం గీసుకోందే టీ ముట్టని మనిషి గడ్డం పెంచడం మొదలుపెట్టాడు.

"ఏంటిది, సన్యాసం పుచ్చుకుంటున్నావా?" అన్నాను.

"ఎండకి చర్మం మండుతోంది నోలీ."

"అరవై నాలుగేళ్ళు మండని చర్మం ఇప్పుడు మండుతోందా?"

"ఏమో, ముదురుతోందేమో." అని నవ్వేసి బయటికి వెళ్ళిపోయాడు.

నేను ఇస్త్రీ చేసి పెట్టిన గుండీల చొక్కాలు బీరువాలోనే ఉండిపోయాయి. కుర్రవాళ్ళలా టీషర్టులు తగిలించుకోవడం. మంగళవారం వస్తే చాలు, ట్రాక్టరు సామాను కావాలంటూ గింపీ పట్నానికి బయల్దేరడం. వెళ్ళిన మనిషి మధ్యాహ్నానికి వట్టి చేతులతో తిరిగొచ్చేవాడు. మా ట్రాక్టరేమో గుర్రంలా పరిగెడుతోంది.

సరిగ్గా అప్పుడే మెల్‌బోర్న్ నుంచి సాస్కియా అనే ఆవిడ వచ్చి మా ఊళ్ళో మూతపడ్డ బేకరీని కొనుక్కుంది. కాఫీ హోటలు పెడుతుందట. నలభై కూడా నిండలేదు. మొగుడు లేడు. కాళ్ళకి చెప్పుల్లేకుండా బజారంతా తిరుగుతుంది, ముక్కుకి రింగు.

ఒకరోజు గ్లెనిస్ మా వంటింట్లో కూర్చుని బిస్కెట్టు టీలో ముంచుతూ, "చెప్పకూడదు గాని..." అని మొదలుపెట్టింది. మా ఆడపడుచు చెప్పకూడనిదంటూ ఇంతవరకూ ఏదీ నా దగ్గర చెప్పకుండా వదల్లేదు.

"నీ మొగుడి బండి బేకరీ వెనక సందులో చూశాను."

"రొట్టె కొనుక్కోవడానికి ఆగుంటాడు వదినా."

"అక్కడ రొట్టె కాల్చి పన్నెండేళ్ళయింది నోలీన్."

నేను లేచి కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడిగాను. వెనక నుంచి గ్లెనిస్ బిస్కెట్టు నములుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆవిడ నా మొహం చూడాలనుకుంటోందని నాకు తెలుసు.

ఆవిడ అటు వెళ్ళగానే ఉతకడానికి వేసిన టీషర్టులు తీసి వాసన చూశాను. ఇది పెద్దమనిషి తరహా పని కాదు, తెలుసు. కడుపు మండినప్పుడు తరహాలు గుర్తుండవు. ఆడమనిషి సెంటు కోసం వెతికితే తగిలింది కొవ్వొత్తి వాసన! ఓహో, పట్టపగలు తలుపులేసుకుని కొవ్వొత్తులు వెలిగించుకుంటున్నారన్నమాట అనుకున్నాను. ఏడుపొచ్చింది. ఆ టీషర్టు మీద బట్టల సబ్బు రెండింతలు వేశాను.

అడిగేయొచ్చు కదా అనొచ్చు మీరు. అడిగితే నిజం చెబుతాడేమోనని భయం. ఇంత కాపురం చేశాక, ఆ మాట చెవిన పడితే నేను ఎక్కడికి పోతాను? అందుకని నవ్వుతూ అన్నం పెట్టాను, నవ్వుతూ మంచినీళ్ళిచ్చాను. డెస్ కూడా తినేటప్పుడు నా వైపు చూడ్డం మానేశాడు. ఎడమచేత్తో తింటున్నాడని కూడా గమనించాను గాని, ఆ చేతికి పెళ్ళి ఉంగరం ఉందా తీసేశాడా అన్నదే చూశాను. ఉంది.

మార్చి మొదట్లో బేకరీ తలుపులు తెరిచారు. మొదటి రోజు ఊరందరికీ టీ ఉచితం. ఉచితమంటే గ్లెనిస్ ఊరుకుంటుందా, నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయింది. లోపల అడుగుపెట్టిన నాలుగో అడుగుకల్లా ఆవిడ చెయ్యి నా మోచేతిని ఇనపపట్టు పట్టింది.

ఎదురుగా గోడ. కింది నుంచి చూరు దాకా చెక్క పలకలే. పొట్టివీ పొడుగువీ అడ్డంగా బిగించేశారు. పలకల మీద తెల్లగీతల ముక్కలు. ఒకటి ఇక్కడ మొదలై రెండు బెత్తలు పోయి తెగిపోతుంది, ఇంకోటి చూరు దగ్గర ఊరికే మొలుస్తుంది. మేమంతా చలికాలం సాయంత్రాలు ఆడిన బ్యాడ్మింటన్ కోర్టు అది. ఎవరో విరగ్గొట్టి కలిపేసినట్టు గోడంతా చెల్లాచెదురుగా ఉంది. మా అమ్మల కాలం నాటి ఎత్తు మడమల చెప్పులు చేసిన గుంటలు ఇప్పుడు మా తలలకంటే పైన ఉన్నాయి. పట్నం నుంచి వచ్చిన ఇద్దరు ఆ గోడ ముందు నిలబడి ఫొటో కూడా తీసుకుంటున్నారు. ఎంత బాగుందో అంటున్నారు.

నిజానికి బాగుంది. అదే నాకు ఇంకా మండింది.

"ఇది మా నేల." అంది గ్లెనిస్, హోటలంతా వినబడేలా.

సాస్కియా ట్రే పట్టుకుని ఆగిపోయింది. "ఏమన్నారండీ?"

"ఈ పలకలు ఎక్కడివమ్మాయ్?"

"పాత సామాను..."

"పాత సామాను ఎవరి దగ్గర కొన్నావు?"

ఆ అమ్మాయి గ్లెనిస్‌కి జవాబు చెప్పకుండా నా వంక చూసింది. తప్పు చేసినవాళ్ళు చూసే చూపు కాదది. జాలి. నా మీద జాలి! ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

బయటికొచ్చాక గ్లెనిస్ ఊగిపోయింది. "తగలబెట్టానన్నాడు! నా మొహం మీద, నాన్న షెడ్డు ముందు నిలబడి! ఆ ముక్కురింగుకి ఊరి నేల ఊడబెరికి అలంకారానికి ఇచ్చాడు! ఆదివారం మీటింగులో అందరి ముందూ అడుగుతా. తోడబుట్టినవాడైనా సరే, దొంగ దొంగే."

"వదినా, ముందు ఇంట్లో ఒకసారి..."

"ఇంట్లో నువ్వడుగు. ఎందుకిచ్చాడో నీకు తెలియందేముంది?"

మర్నాడు పొద్దున్నే నేనొక్కదాన్నే వెళ్ళాను. గిరాకీలు లేరు. గుమ్మంలోనే నిలబడి అడిగేశాను.

"నా మొగుడు నీకేమవుతాడు?"

సాస్కియా గుడ్డతో చేతులు తుడుచుకుంది. "కూర్చోండి. టీ పెడతాను."

"నీ టీ నాకొద్దు. అడిగినదానికి చెప్పు."

"ఏమీ కారండీ. పెద్దాయన. నాకు గోడ కట్టిపెట్టారు."

"ఊరికేనా?"

"పలకలు ఊరికే ఇచ్చారు. పనికి ఇస్తానంటే పుచ్చుకోలేదు."

ఊరికే అన్న మాట వినగానే ఆ పిల్ల మొహం చూడబుద్ధి కాలేదు. గోడవైపు తిరిగాను. అంత దగ్గరగా చూస్తే అదే మైనం వాసన, మా హాలు వాసన. టీషర్టుల మీద నేను చూసింది ఇదేనని అప్పుడు తెలిసింది. కొవ్వొత్తుల సంగతి తేలినా అనుమానం తేలలేదు.

"అతికించారా వీటిని?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"ముందు జిగురుతోనే అతికించాం. తెల్లారేసరికి సగం కిందపడ్డాయి."

"నూనె చెక్క జిగురు పట్టదు. ఈ ఊళ్ళో చంటిపిల్లనడిగినా చెబుతుంది."

"ఆయనకీ తెలుసండీ. అయినా జిగురుతో నిలబడితే బాగుండునని..." అని సగంలో ఆపేసింది.

నేను తిరిగి చూశాను. "జిగురు పెడదామని డెస్ అన్నాడా? డెస్సా?"

ఆ అమ్మాయి పొయ్యి వైపు తిరిగింది. టీ నీళ్ళు మరుగుతున్నాయి.

డెస్ జిగురు వాడే మనిషి కాడు. మేకు కొట్టాడంటే ఆ చోటు వెతికి పట్టుకోవాలి, అంత నాజూకు పని. నా వేలు ఒక పలక మీద గుంటలో పడింది. చెప్పుల మడమ గుంటేమో అనుకున్నాను. కాదు. మేకు తల పక్కన నెలవంకలా చిన్న గుంట. దాని పక్కన ఇంకోటి. సుత్తి పక్కకి పడితే పడే గుంటలు. పై పలక చూశాను, కింది పలక చూశాను. ప్రతి మేకు చుట్టూ అవే. కొన్ని మేకులు వంగిపోతే తియ్యకుండా అలాగే అణగ్గొట్టేశాడు. పలకకీ పలకకీ మధ్య నా గోరు దూరేంత సందు.

"ఎవరు కొట్టారు ఈ మేకులు?"

"ఆయనే."

"అన్నీ?"

"నేను కొడతానంటే ఒప్పుకోలేదండీ. ఆగి ఆగి కొట్టేవారు. ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుని. ఒక్కోరోజు రెండు పలకలే అయ్యేవి." టీ తెచ్చి నా ముందు పెట్టింది. "ఎవరికీ చెప్పనని మాటిచ్చాను."

"నువ్వేం చెప్పలేదులే."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వద్దన్న టీ తాగాను. గడ్డం, గుండీలు, ఎడమచెయ్యి, అన్నీ ఒకటొకటిగా వచ్చి వరసలో నిలబడ్డాయి. సిగ్గేసింది. దానికంటే ఎక్కువగా భయమేసింది. ఇంకో ఆడది ఉంటే కొట్లాడి తరిమేసేదాన్ని. దీన్నెలా తరమడం?

ఇంటికెళ్ళేసరికి డెస్ వరండాలో ఉన్నాడు. కుక్క అతని పాదాల మీద తల పెట్టి పడుకుంది. పక్కన కూర్చున్నాను.

"గోడ చూశావా?" అన్నాడు, పొలం వంక చూస్తూనే.

"చూశాను."

"ఎలా ఉంది?"

"ఒక పలక వంకరగా ఉంది."

"ఒకటేనా?"

నవ్వబోయి ఏడ్చేశాను. డెస్ జేబులోంచి కుడిచెయ్యి తీసి మోకాలి మీద పెట్టాడు. దాన్ని నేను అంత తీరిగ్గా చూసి ఎన్ని నెలలైందో. బొటనవేలూ చూపుడువేలూ గింజలేవో నలుపుతున్నట్టు ఊరికే కదులుతున్నాయి. ఆపమంటే ఆగేవి కావు.

"మంగళవారాలు గింపీ డాక్టరు దగ్గరికా?"

"ఆఁ. పార్కిన్సన్స్ అన్నాడు. మందులున్నాయట. తగ్గదట."

"నాతో ఎందుకు చెప్పలేదు? నేనెవర్ని?"

"చెబితే నువ్వు నన్ను ఇప్పుడు చూస్తున్నట్టు చూస్తావని."

కళ్ళు తుడుచుకున్నాను. "మరి నేల జోలికెందుకెళ్ళావు?"

"పలకలుంటే వెయ్యమంటారు. వెయ్యనంటే ఎందుకని అడుగుతారు. డాన్సు నేలంటే పలకల మధ్య వెంట్రుక దూరకూడదు నోలీ. తాత అలా వేశాడు. ఈ చేత్తో వేస్తే మొదటి పాటకే ఎవడో ఒకడు తట్టుకుని పడతాడు. నిప్పు పెడదామనే అనుకున్నా. పెట్టలేకపోయాను. గోడైతే మేకు వంకరపోయినా అదో అందం అంటారు కదా పట్నంవాళ్ళు. దాని మీద ఎవరూ నడవరు." మోకాలి మీది చెయ్యి తిప్పి చూసుకున్నాడు. "చివరి పని. నా చేత్తోనే బిగించాలనిపించింది."

కుక్క లేచి ఒళ్ళు విరుచుకుని మళ్ళీ అక్కడే పడుకుంది.

"ఆదివారం మీ అక్క అడుగుతుంది." అన్నాను చివరికి.

"నేనే చెప్పేస్తాలే."

"చెప్పగలవా?"

"చెప్పాలిగా. కానీ చెప్పిన మర్నాటి నుంచి నేను డెస్‌ని కాదు. 'పాపం, డెస్'ని. పాలకేంద్రంలో నా డబ్బా ఎవడో అందుకుంటాడు. గుమ్మంలో ఎవడో చెయ్యి పట్టుకుంటాడు. ఇంకొన్నాళ్ళు ఇలా ఉండనిస్తే బాగుండేది."

ఆదివారం హాల్లో నేల లేదు కాబట్టి మీటింగు బయట గడ్డి మీద పెట్టారు. ఊరంతా వచ్చింది. నేల పోయిన సంగతికి సగం మంది, ముక్కురింగు సంగతికి సగం మంది. సాస్కియా కూడా వచ్చి ఒక మూల కంచె దగ్గర నిలబడింది. ఆ పిల్లకి గుండె ధైర్యం ఉంది.

గ్లెనిస్ గొంతు సవరించుకుంది. "డెస్మండ్, లేచి నిలబడు."

డెస్ లేచాడు. చేతులు జేబుల్లోనే ఉన్నాయి.

"ఊరి నేల ఆవిడ గోడ మీద ఎలా ఎక్కింది?"

డెస్ నోరు తెరిచాడు. నేను పక్కనే కూర్చున్నాను కాబట్టి అతని ప్యాంటు జేబు నా కళ్ళకెదురుగానే ఉంది. లోపల చెయ్యి వణుకుతుంటే ఆ గుడ్డ కదులుతోంది. ముందు వరసలో ఒకాయన కళ్ళద్దాలు సర్దుకుని అటే చూడబోతున్నాడు.

"నేనిచ్చాను." అంటూ లేచాను.

అందరి తలలూ నా వైపు తిరిగాయి. ఆ కళ్ళద్దాలాయన తల కూడా.

"నువ్వా?" అంది గ్లెనిస్.

"నేనే. నేనే ఇచ్చి, అడిగితే కాల్చేశానని చెప్పమని డెస్‌కి చెప్పాను. ఏం వదినా, ఆ నేలకి మైనం రాసి రాసి మోకాళ్ళు అరిగింది ఎవరికి? నీకా? ముప్పై ఏళ్ళు డాన్సు రాత్రుల్లో మీ అందరికీ సప్పర్ భోజనం వడ్డించాను. తిని లేచినవాళ్ళలో ఒక్కరైనా గిన్నె కడిగారా? ఆ నేలంటే విసుగెత్తిపోయింది. పోతే పీడా పోయిందనుకున్నాను."

అబద్ధం చెప్పడానికి లేచినదాన్ని. మధ్యలో నిజాలు కూడా దొర్లాయి, నేనేం చెయ్యను? డెస్ నా వంక చూస్తున్నాడు. 'కూర్చో' అన్నాను, కొంచెం గట్టిగానే. కూర్చున్నాడు.

గ్లెనిస్ మొహం పాలిపోయింది. ఆవిడకి కోపం వస్తే అరుస్తుంది, అది నాకు అలవాటే. అప్పుడు మాత్రం అరవలేదు.

"నోలీన్, ఈస్టర్‌కి నువ్వు పళ్ళెం తేనక్కర్లేదు."

మా వైపు పెళ్ళికైనా చావుకైనా డాన్సుకైనా ప్రతి ఆడదీ తినేదేదో ఒక పళ్ళెంలో పెట్టుకుని తీసుకెళ్ళాల్సిందే. పళ్ళెం తేవద్దన్నారంటే రావద్దన్నట్టే. ఆ మాట ఆ ఊళ్ళో ఇంకెవరితోనూ అనగా నేను వినలేదు. ఎవరూ గ్లెనిస్‌కి అడ్డు చెప్పలేదు. ఆడవాళ్ళు ఒళ్ళో చేతులు చూసుకుంటూ కూర్చున్నారు. వాళ్ళలో ముగ్గురి కాన్పులకి అన్నం వండి మోసినదాన్ని నేను.

సంచీ తీసుకుని బండి దగ్గరికి నడిచాను. డెస్ నా వెనకే వచ్చాడు. మా పెళ్ళయిన దగ్గర్నుంచి అతను పక్కనుండగా నేను స్టీరింగు పట్టింది లేదు. అతని పద్ధతి అది, నా చేత నడిపిస్తే నలుగురూ ఏమనుకుంటారో అని. తలుపు తీసి ఎక్కాడు. నేను అవతలి పక్క ఎక్కి కూర్చున్నాను. తాళం చెవి కన్నంలో పెట్టబోయాడు. పక్కన ఇనుముకి తగిలింది. మళ్ళీ పెట్టబోయాడు. మళ్ళీ తగిలింది. గడ్డి మీద అందరూ లేచి నిలబడి మమ్మల్నే చూస్తున్నారు.

"దిగు." అన్నాను.

"నోలీ..."

"దిగవయ్యా. నేను నడుపుతాను."

డెస్ దిగి, బండి ముందు నుంచి చుట్టూ తిరిగి, అందరూ చూస్తుండగా, నేను స్టీరింగు వైపు జరిగి ఖాళీ చేసిన సీట్లో కూర్చున్నాడు. తాళం చెవి నా చేతిలో పెట్టాడు. అప్పుడు వెనక నుంచి గ్లెనిస్ గొంతు వినబడింది. ఎవరికి చెబుతోందో గాని నాకు వినబడాలనే చెబుతోంది.

"చూశారా? మగాణ్ణి బండి కూడా నడపనివ్వదు. పెత్తనమంతా దానిదే. మా తమ్ముడు వెర్రిబాగులవాడు, అది ఆడించినట్టల్లా ఆడతాడు!"

అవునవునన్నారు నలుగురైదుగురు.

డెస్ తల వంచుకున్నాడు. నేను అతని కుడిచేతిని నా తొడ కింద పెట్టుకుని, కదలకుండా దాని మీద కూర్చున్నాను.

నా అబద్ధాన్ని నమ్మేశారు. బండి స్టార్ట్ చేశాను.